అద్దె ఇంటి బాయిలర్ తనిఖీ: టిక్కులు కాదు, అంకెలు చూడాలి

బ్రిటన్‌లో అద్దె ఇంట్లో దిగేటప్పుడు చేతికొచ్చే కాగితాల్లో గ్యాస్ సేఫ్టీ రికార్డు ఒకటి. చాలావరకు ఒకే పేజీ. నిండా గళ్లు, గళ్లలో టిక్కులు, కింద ఒక సంతకం. ఏజెంటు మెయిల్‌లో పంపుతాడు. అద్దెకు దిగేవాళ్లు ఫోన్‌లో తెరిచి, ఉందిలే అనుకుని మూసేస్తారు. ఈస్ట్ హామ్‌లోనో లెస్టర్‌లోనో కొవెంట్రీలోనో చదువు కోసం దిగిన తెలుగు పిల్లలకు ఇల్లు దొరకడమే గగనం. ఆ టెన్షన్‌లో ఈ పేజీని కూర్చుని చదవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. కానీ ఆ పేజీలో ఒకటి రెండు చోట్ల టిక్కులకు బదులు అంకెలు ఉండాలి. వచ్చిన మనిషి బాయిలర్‌కు పరికరం పెట్టి కొలిచాడా, వంటింటి గుమ్మంలో నిలబడి గళ్లు నింపి వెళ్లిపోయాడా అన్నది ఆ అంకెలను బట్టే తెలుస్తుంది.

బాయిలర్ అనగానే మన పెరట్లో పుల్లలు వేసి నీళ్లు కాచుకునే రాగి బాయిలర్ గుర్తొస్తుంది. అక్కడి బాయిలర్ వంటింటి గోడకో అల్మారాలోనో బిగించిన తెల్లటి పెట్టె. పైపులో వచ్చే గ్యాస్‌ను లోపల మండించి గదుల్లోని రేడియేటర్లకు, కుళాయిలకు వేడినీళ్లు పంపుతుంది. చలికాలంలో రోజుకు ఎన్నో గంటలు మండుతుంది. ఆ మంట ఇంట్లోవాళ్లకు కనిపించదు. దాని పొగ ఎటు పోతోందో కూడా తెలియదు. ఈ తనిఖీ పెట్టింది అందుకే.

దీనికి ఆధారం 1998 నాటి గ్యాస్ సేఫ్టీ నిబంధనలు. వాటిలో 36వ నిబంధన ఇంటి ఓనర్ మీద రెండు బాధ్యతలు పెడుతుంది. గ్యాస్ పరికరాలను, పొగగొట్టాలను, పైపులను ఎప్పుడూ సురక్షితంగా ఉంచడం ఒకటి. ప్రతి గ్యాస్ పరికరాన్ని, దాని పొగగొట్టాన్ని 12 నెలలు దాటకుండా తనిఖీ చేయించడం రెండోది. కొత్తగా బిగించిన బాయిలర్‌కైనా మొదటి తనిఖీ ఏడాదిలోపే జరగాలి. 2018 ఏప్రిల్‌లో దీనికి చిన్న వెసులుబాటు ఇచ్చారు. గడువుకు రెండు నెలల ముందు వరకు ఎప్పుడు చేయించినా, పాత గడువు తేదీ మారకుండా లెక్క అక్కడి నుంచే కొనసాగుతుంది. అంతకుముందు ముందుగా చేయించిన ఓనర్‌కు ఆ రోజులు నష్టమయ్యేవి. అందుకని చాలామంది చివరి వారం దాకా ఆగేవారు, అద్దెకున్నవాళ్లు ఇంట్లో లేకపోతే గడువు దాటిపోయేది.

ఓనర్ అంటే ఇల్లంతా అద్దెకిచ్చినవాళ్లు మాత్రమే అనుకోకూడదు. తాము ఉంటున్న ఇంట్లోనే ఒక గది వేరేవాళ్లకిచ్చి డబ్బు తీసుకునేవాళ్లకూ ఇదే నిబంధన వర్తిస్తుంది. మనవాళ్లలో ఇది చాలా మామూలు. ముందు వెళ్లి స్థిరపడిన కుటుంబం, కొత్తగా వచ్చిన స్టూడెంట్‌కు పై గది ఇస్తుంది. అంకుల్, ఆంటీ అనే పిలుపులు, పండక్కి కలిసి భోజనాలు. ఇక్కడ సర్టిఫికెట్ అడగడం మర్యాద కాదనిపిస్తుంది. కానీ ఆ ఇంటి బాయిలర్‌కు బంధుత్వం తెలియదు, చట్టం దృష్టిలో ఆ అంకుల్ కూడా ఓనరే. ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లు మళ్లీ గదులు అద్దెకిస్తే అసలు ఓనర్‌కూ మధ్యవాళ్లకూ బాధ్యత ఉండొచ్చు. ఎవరు చేయిస్తారో రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది.

ఈ కాగితాన్ని అందరూ సీపీ12 అంటారు. గ్యాస్ ఇంజినీర్ల పాత రిజిస్టరైన కోర్గి కాలంలో దాని నమూనా పత్రానికి ఉన్న నంబరు అది. 2009 ఏప్రిల్ 1 నుంచి కోర్గి స్థానంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వచ్చింది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఇక అసలు తనిఖీలో ఏం చూడాలి? 36వ నిబంధన దీనికోసం 26వ నిబంధనలోని తొమ్మిదో ఉపనిబంధన వైపు చూపిస్తుంది. అక్కడున్నవి నాలుగే విషయాలు: పొగగొట్టం సరిగ్గా పనిచేస్తోందా, మండడానికి చాలినంత గాలి అందుతోందా, గ్యాస్ ఒత్తిడి లేదా పరికరం తీసుకుంటున్న వేడి సరైన స్థాయిలో ఉందా, మొత్తంగా అది సురక్షితంగా నడుస్తోందా. చదవడానికి రెండు వాక్యాలు. చేయడానికి మాత్రం పరికరాలు, ఓపిక, కొంత లెక్క కావాలి.

ప్రాణాల మీదికి తెచ్చేది ఎక్కువగా పొగగొట్టమే. గ్యాస్ పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. ఆక్సిజన్ చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకయితే కలిపిన వాసనను బట్టి ముక్కు పసిగడుతుంది, దీన్ని పసిగట్టలేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం లక్షణాలు. ఫ్లూ జ్వరమేమో అనుకుని కిటికీలన్నీ మూసుకుని పడుకుంటే అదే కొంప ముంచుతుంది. బయటికి వెళ్తే తగ్గి, ఇంటికి రాగానే మళ్లీ మొదలయ్యే తలనొప్పిని, ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చే తలనొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. మన దగ్గర తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ వేసుకుని స్నానానికి వెళ్లినవాళ్లు స్పృహ తప్పి పడిపోవడం వెనకా ఉన్నది ఇదే వాయువు. చిన్న గది, లోపలి గాలినే వాడుకునే మంట, బయటికి దారి లేని పొగ.

ఇప్పటి బాయిలర్లలో ఎక్కువ భాగం గది గాలిని అసలు ముట్టుకోవు. ఒక గొట్టంలో ఇంకో గొట్టం ఉంటుంది. లోపలి దాంట్లోంచి పొగ బయటికి పోతుంది, చుట్టూ ఉన్న ఖాళీలోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. లోపలి గొట్టం అతుకు ఊడినా, రబ్బరు సీలు అరిగినా, పోతున్న పొగ వస్తున్న గాలిలో కలుస్తుంది. బాయిలర్ తన పొగనే తాను పీల్చి మండుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దీన్ని పట్టుకునే పద్ధతి చక్కగా ఉంటుంది. పొగను విశ్లేషించే అనలైజర్ గొట్టాన్ని గాలి వచ్చే దారిలోకి దూర్చి ఆక్సిజన్ ఎంతుందో చూస్తారు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. ఇక్కడ 20.6 కంటే తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో పొగ కలుస్తోందని అర్థం. ఒక శాతంలో మూడో వంతు కూడా లేని తేడా మీద తీర్పు చెప్పాలి కాబట్టి ఇది కంటితో చూసి టిక్కు పెట్టే పని కాదు.

అలాగని కంటితో చూసే పని లేదని కాదు. గొట్టం బయట ఎక్కడ తేలుతోందో వెళ్లి చూడాలి. ఫ్యాన్ ఉన్న బాయిలర్ అయితే పొగ బయటికొచ్చే చోటుకూ తెరుచుకునే కిటికీకీ మధ్య కనీసం 300 మిల్లీమీటర్లు ఉండాలి. పక్కింటివాళ్లు కొత్తగా కిటికీ పెట్టించి ఉండొచ్చు, తీగ మొక్క కమ్మేసి ఉండొచ్చు. పెట్టె మీద మసి మరకలున్నాయా, మూత సీలు బిగువుగా ఉందా అన్నవి కూడా చూడాలి.

ఫ్లాట్లలో ఇంకో చిక్కుంది. బాయిలర్ ఒకచోట ఉంటుంది, పొగగొట్టం పైకప్పు పలకల వెనక నుంచి దూరంగా ఉన్న బయటి గోడకు పోతుంది. మధ్యలో అతుకులు ఎలా ఉన్నాయో ఎవరికీ కనబడదు. 2000 తర్వాత కట్టిన అపార్ట్‌మెంట్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి. 2013 జనవరి 1 నుంచి అలాంటి గొట్టం దారిలో తెరిచి చూసే తలుపులు ఉండాలన్నారు. ఒక్కోటి కనీసం 300 మిల్లీమీటర్ల చదరం, ఏ అతుకూ దగ్గర్లోని తలుపు నుంచి 1.5 మీటర్లకు మించి దూరంలో ఉండకూడదు. అవి లేకపోతే ఇంజినీరు ఆ బాయిలర్‌ను ప్రమాదానికి అవకాశమున్నదిగా రాసి, ఆపమని చెప్పాలి. చలికాలంలో బాయిలర్ ఆపమంటే అద్దెకున్నవాళ్లకు కోపం వస్తుంది. అయినా అతుకులు చూడలేని గొట్టం బాగుందని సంతకం పెట్టేవాడి కంటే, చూడలేను కాబట్టి పెట్టను అనేవాడే నమ్మదగ్గ మనిషి.

గది గాలిని వాడుకునే పాత రకం బాయిలర్లు, గదిని వేడి చేసే గ్యాస్ ఫైర్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వీటికి పరీక్ష వేరు. కిటికీలు, తలుపులు మూసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, పొగ వచ్చే పుల్ల వెలిగించి పొగగొట్టం మొదట్లో పట్టుకుంటారు. పొగ పైకి లాగేస్తే సరే, గదిలోకి తిరిగొస్తే అసలు పొగ కూడా అలాగే తిరిగొస్తుంది. గాలి విషయం ముఖ్యంగా చూడాల్సిందీ ఇలాంటి చోట్లే. 7 కిలోవాట్లు దాటిన ప్రతి కిలోవాట్‌కూ 5 చదరపు సెంటీమీటర్ల చొప్పున గోడలో శాశ్వతమైన గాలి రంధ్రం ఉండాలి. 17 కిలోవాట్ల బాయిలర్‌కు 50 చదరపు సెంటీమీటర్లన్నమాట, అంటే అగ్గిపెట్టె అంత కన్నం చాలదు. చలిగాలి వస్తోందని ఆ కన్నంలో పాత టవల్ కుక్కేసేది చాలాసార్లు ఇంట్లో ఉండేవాళ్లే. వేడి దేశం నుంచి వచ్చినవాళ్లకు అది గోడకు పడ్డ చిల్లులా కనిపిస్తుంది, దానివల్లే ఊపిరి ఆడుతోందని ఎవరూ చెప్పరు. బాయిలర్ ఏ రకమో తెలియనప్పుడు గోడలో ఏ రంధ్రాన్నీ మూయకపోవడమే క్షేమం.

మూడోది ఒత్తిడి, వేడి. రికార్డులో అంకె తప్పకుండా కనిపించాల్సిన చోటు ఇదే. మీటర్ దగ్గర గ్యాస్ మామూలుగా 21 మిల్లీబార్ల దగ్గర రావాలి, రెండు అటూ ఇటూ. బాయిలర్ పూర్తి జోరులో మండుతున్నప్పుడు మీటర్ నుంచి బాయిలర్ దాకా పైపులో తగ్గుదల ఒక మిల్లీబార్ మించకూడదు. పాత చిన్న బాయిలర్ తీసేసి రేడియేటర్లకూ కుళాయిలకూ ఒక్కటే పనిచేసే పెద్ద కాంబీ బాయిలర్ పెట్టి, పాత 15 మిల్లీమీటర్ల సన్న పైపునే వదిలేసిన ఇళ్లలో ఇక్కడ తేడా బయటపడుతుంది. షవర్ కింద నిలబడితే నీళ్లు గోరువెచ్చగానే ఉండిపోవడానికి ఒక కారణం ఇది.

వేడి కొలవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. పొయ్యి, గ్యాస్ ఫైర్ అన్నీ ఆపేసి, బాయిలర్‌ను ఒక్కదాన్నే పూర్తి జోరులో నడిపి, మీటర్ ముందు రెండు నిమిషాలు వాచీ పట్టుకుని నిలబడాలి. రెండు నిమిషాల్లో 0.08 ఘనపు మీటర్లు తిరిగిందనుకుందాం. గంటకు 2.4 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటర్ గ్యాస్‌లో దాదాపు 39 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. 2.4ను 39తో హెచ్చించి 3.6తో భాగిస్తే 26 కిలోవాట్లు. ఇప్పుడు బాయిలర్ మీద అంటించిన పట్టీలో కంపెనీ ఇచ్చిన అంకెతో పోల్చాలి. దగ్గరగా ఉంటే సరే. బాగా ఎక్కువగా ఉంటే మంటకు గాలి చాలదు, బాగా తక్కువగా ఉంటే ఎక్కడో ఏదో అడ్డుపడుతోంది. ఇంజినీరు వచ్చి వెళ్లినంతసేపూ మీటర్ ఉన్న మెట్ల కింది అర తలుపు తెరవనేలేదంటే, రికార్డులో ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే హక్కు అద్దెకున్నవాళ్లకు ఉంది.

ఒత్తిడీ వేడీ రెండూ కొలవడానికి వీల్లేని పరిస్థితి కొన్నిచోట్ల ఉంటుంది. అలాంటప్పుడు మంట నాణ్యతను కొలిచి రాయవచ్చని 2018లో నిబంధన సవరించారు. అనలైజర్‌ను పొగలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత అని చూపిస్తుంది. మొదటిది 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు), రెండోది 9 శాతం అనుకుంటే, 9 శాతం అంటే 90,000 పీపీఎం కాబట్టి నిష్పత్తి 0.001. పొగలోని వేడిని కూడా వాడుకునే కొత్త కండెన్సింగ్ బాయిలర్ బిగించేటప్పుడు ఈ నిష్పత్తి 0.004 మించకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. పాత బాయిలర్లలో మంట పెట్టెకున్న చిన్న కిటికీలోంచి కనబడేది, నీలంగా ఉంటే మంచిది, పసుపుపచ్చగా మారితే అనుమానించాలి. ఇప్పటి బాయిలర్లలో మంట కనబడదు కాబట్టి ఆ పని అనలైజర్ చేస్తుంది. అందుకే తప్పనిసరి కాని చోట కూడా మంచి ఇంజినీరు ఆ చీటీ ప్రింటు తీసి రికార్డుకు జత చేస్తాడు.

నాలుగోది భద్రతా ఏర్పాట్లు. బాయిలర్ నడుస్తుండగా దాని కింద ఉన్న గ్యాస్ వాల్వు కట్టేస్తే, మంట ఆరిన వెంటనే బాయిలర్ తనంతట తాను లాక్ అయిపోవాలి, గ్యాస్ వదులుతూ ఉండకూడదు. వేడి హద్దు దాటితే ఆగాలి.

ఈ నాలుగూ అయితే చట్టం అడిగిన తనిఖీ అయినట్టే. చాలామంది పొరబడేది ఈ తర్వాతే. ఇది సర్వీసింగ్ కాదు. సర్వీసింగ్‌లో బాయిలర్ విప్పి, బర్నర్ శుభ్రం చేసి, సీళ్లు మార్చి, నీళ్లు చేరే ట్రాప్ కడుగుతారు. తనిఖీలో అవి చేయాలని లేదు. ఓనర్‌కు వేరుగా ఉన్న ‘సురక్షితంగా ఉంచడం’ అనే బాధ్యత కింద సర్వీసింగ్ వస్తుంది. సర్టిఫికెట్ ఉంది కదా, ఇంకేం సర్వీసింగ్ అనే మాట వినిపిస్తే, ఆ ఓనర్ రెండు బాధ్యతల్లో ఒకటి వదిలేశాడని అర్థం.

పైపుల విషయం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఏడాది తనిఖీ చట్టప్రకారం పరికరాలకూ పొగగొట్టాలకే. గ్యాస్ పైపులు అందులోకి రావు, వాటిని బాగా ఉంచే బాధ్యత మాత్రం ఓనర్‌దే. అందుకని హెచ్‌ఎస్‌ఈ, అంటే బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ, అదే రోజు పైపులనూ పరీక్షించమని ఇంజినీరును అడగాలని ఓనర్లకు సలహా ఇస్తుంది. మీటర్ దగ్గర గ్యాస్ కట్టేసి, పైపుల్లో ఒత్తిడి నిలిపి, రెండు నిమిషాల పాటు కొలత పడిపోతోందా అని చూడటమే ఆ పరీక్ష. కొద్ది నిమిషాల పని. దీన్ని చట్టంలోనే కలిపేసి ఉంటే బాగుండేది.

పైపు అతుకు ఎంత పని చేయగలదో తూర్పు లండన్‌కు తెలుసు. 1968 మే 16న తెల్లవారుజామున న్యూహామ్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 18వ అంతస్తు ఫ్లాట్‌లో ఒకావిడ టీ పెట్టుకోవడానికి పొయ్యి వెలిగించింది. పొయ్యికి గ్యాస్ వచ్చే గొట్టాన్ని కలిపే ఇత్తడి నట్టు పగిలి గ్యాస్ అప్పటికే నిండి ఉంది. పేలుడుకు గోడలు ఎగిరి, భవనం ఒక మూల మొత్తం కూలింది. నలుగురు చనిపోయారు. ఇవాళ తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఈస్ట్ హామ్ కూడా ఆ న్యూహామ్‌లోదే. కూలడంలో భవనం కట్టిన తీరుది పెద్ద తప్పు, అయినా మొదలైంది మాత్రం ఒక నట్టుతో.

అద్దెకున్నవాళ్లు సొంతంగా కొని తెచ్చుకున్న గ్యాస్ పొయ్యి కూడా ఓనర్ తనిఖీలోకి రాదు. పాత పొయ్యి ఎవరి దగ్గరో కొనుక్కుని, యూట్యూబ్ చూసి బిగించుకోవడం నేరం మాత్రమే కాదు, పక్క ఫ్లాట్లకూ ప్రమాదం.

తనిఖీలో లోపం దొరికితే ఇంజినీరు దాన్ని రెండు తరగతుల్లో ఒకదాంట్లో పెడతాడు. వాడితే వెంటనే ప్రాణానికి ముప్పు ఉన్నది తక్షణ ప్రమాదం. ఒకటి రెండు తోడైతే ప్రమాదంగా మారేది రెండో తరగతి. మొదటి దానికి గ్యాస్ కనెక్షన్ తీసేయడానికి, రెండో దానికి ఆపేయడానికి అనుమతి అడిగి, హెచ్చరిక పట్టీ కడతాడు. ఆ పట్టీ కట్టాక బాయిలర్‌ను మళ్లీ వేసుకోవడం చట్టవిరుద్ధం. తక్షణ ప్రమాదమని తేలిన దాన్ని ఆపడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే గ్యాస్ అత్యవసర విభాగాన్ని పిలుస్తాడు. గ్యాస్ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉన్నా ఎవరైనా ఫోన్ చేయాల్సిన ఉచిత నంబరు కూడా ఆ విభాగానిదే: 0800 111 999. కళ్లు తిరుగుతుంటే ముందు బయటికి రావాలి, ఫోన్ బయటి నుంచే చేయాలి.

మళ్లీ ఆ పేజీ దగ్గరికొద్దాం. అందులో తనిఖీ తేదీ, ఇంటి అడ్రసు, ఓనర్ లేదా ఏజెంటు పేరు, అడ్రసు, చూసిన ప్రతి పరికరం ఏమిటో ఎక్కడుందో, దొరికిన లోపాలు, వాటికి ఏం చేశారో, పైన చెప్పిన నాలుగూ చూశామన్న నిర్ధారణ, చేసిన మనిషి పేరు, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇంట్లో బాయిలర్, గ్యాస్ పొయ్యి రెండూ ఓనర్‌వే అయి, పేజీలో ఒక్క బాయిలర్ వరసే ఉంటే తనిఖీ సగమే జరిగింది. ఒత్తిడి లేదా వేడి గడిలో అంకె లేకుండా టిక్కు ఉంటే అడగాలి. రిజిస్ట్రేషన్ నంబరును గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. ఇంజినీరు ఇంటికొచ్చినప్పుడు కార్డు చూపించమంటే తప్పు పట్టడు. ముందు వైపు ఫొటో, గడువు ఉంటాయి. వెనక వైపు ఆ మనిషికి ఏ పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది. పొయ్యిలకే అర్హత ఉన్నవాడు బాయిలర్ చూడకూడదు. చాలామంది ముందు వైపు చూసి తిరిగి ఇచ్చేస్తారు, తిప్పి చూడాలి.

రికార్డు కాపీని ఇంట్లో ఉన్నవాళ్లకు 28 రోజుల్లో, కొత్తగా దిగేవాళ్లకు దిగకముందే ఇవ్వాలి. ఓనర్ కనీసం 2 ఏళ్లు దాచాలి. తనిఖీ చేయించకపోవడం నేరం, జరిమానాతో పాటు జైలు కూడా పడొచ్చు. కాపీ ఇవ్వకుండా తిప్పుతుంటే హెచ్‌ఎస్‌ఈకి ఫిర్యాదు చేయవచ్చు.

ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి, మనుషులు ఉండే ఏ గదిలో బాయిలర్ లాంటి స్థిరమైన మండే పరికరం ఉన్నా అక్కడ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఓనరే పెట్టించాలి. గ్యాస్ పొయ్యికి మాత్రం మినహాయింపు. అద్దె మొదలైన రోజు అది పనిచేస్తోందో లేదో చూడటం కూడా ఓనర్ పనే. ఆ తర్వాత నెలకోసారి మీట నొక్కి చూసుకోవడం ఇంట్లో ఉన్నవాళ్ల పని. తనిఖీ ఏడాదికి ఒక రోజు జరుగుతుంది, ఆ రోజు బాయిలర్ ఎలా ఉందో అంతే చెబుతుంది. మిగతా 364 రోజులూ కాపలా ఉండేది గోడ మీది ఆ చిన్న డబ్బా. వంట పొగకు మోగుతోందని పొగ అలారంతో పాటు దీని బ్యాటరీ కూడా తీసి డ్రాయర్‌లో పడేసిన ఇళ్లు ఉన్నాయి. పోపు పొగకు మోగేది పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం కాదు. ఈ రెండూ పక్కపక్కనే ఒకేలా ఉంటాయి కాబట్టి, దేని మీద ఏం రాసి ఉందో ఒకసారి కుర్చీ వేసుకుని ఎక్కి చదివితే తెలిసిపోతుంది.